రాజుల లోయలో మూడు సమాధులే చూడనిస్తారు: ఏ మూడు?

ఈజిప్టులోని లక్సర్ దగ్గర, నైలు నది పడమటి ఒడ్డున ఉన్న రాజుల లోయకు ఒక టికెట్టు కొంటే మూడు సమాధుల్లోకి వెళ్లనిస్తారు. లోయలో ఇంతవరకు నంబరు వేసినవి అరవైకి పైనే ఉన్నా, చాలావరకు మూసే ఉంటాయి. మామూలు టికెట్టుకు ఏ రోజైనా తెరిచి ఉండేవి దాదాపు ఎనిమిది, పది. చాలామంది బండి దిగగానే మొదట కనబడ్డ దాంట్లో దూరతారు. తర్వాత దానికి దగ్గర్లోది చూస్తారు. మూడోదానికి గుంపు ఎటు పోతే అటు పోతారు. అలా దొరికే నాలుగో రామ్సెస్, తొమ్మిదో రామ్సెస్, మూడో రామ్సెస్ సమాధులు మూడూ 20వ వంశానివే, దాదాపు ఒకే నమూనావి. చూసి బయటికొచ్చి "అన్నీ ఒకేలా ఉన్నాయి" అంటారు. ఒకేలా ఉన్న మూడింటినే ఏరుకున్నారు మరి.

రాజుగారి పేరు ఎంత పెద్దదో చూసి సమాధిని ఎంచుకోవద్దని మా సలహా. రెండో రామ్సెస్ పేరు అందరికీ తెలుసు, కానీ ఆయన సమాధి వరదలకు పాడై మూతబడి ఉంది. పట్టుమని రెండేళ్లు కూడా ఏలని మొదటి రామ్సెస్ చిన్న గది మాత్రం రంగులతో మెరుస్తూ ఉంటుంది. ఏ కాలంలో తొలిచారు, ఎంత లోతు దిగాలి, మీ మోకాళ్లు ఒప్పుకుంటాయా అన్నవి చూసి ఎంచుకోండి.

అసలు ఈ లోయకే ఎందుకు?

కైరో పక్కనున్న గిజాలో ఖుఫు పిరమిడ్ లోపలికి కూడా టికెట్టు ఉంది. నడుం వంచి ఎక్కే ఇరుకు దారి, ఆ తర్వాత నిటారుగా లేచిన పెద్ద నడవ, చివర గ్రానైటు గది. చూడనిచ్చే గోడల మీద ఒక్క బొమ్మ గానీ, ఒక్క అక్షరం గానీ ఉండదు. అంత బరువు రాళ్లు ఎలా పేర్చారో చూడాలనుకునేవాళ్లకు అది సరిపోతుంది. రాతలు కావాలంటే కైరోకు సుమారు 30 కిలోమీటర్ల దక్షిణాన ఉన్న సక్కారాకు వెళ్లాలి. అక్కడ ఉనాస్, తేతి పిరమిడ్ల లోపలి గోడల నిండా నిలువు వరసల్లో మంత్రాలు చెక్కి ఉంటాయి. దహ్షూర్‌లోని ఎర్ర పిరమిడ్‌లో జనం తక్కువ, కానీ 60 మీటర్ల పైచిలుకు ఏటవాలు గొట్టంలో వంగి దిగి, మళ్లీ అలాగే ఎక్కాలి. మర్నాడు తొడలు పట్టేస్తాయి.

రంగుల బొమ్మలు కావాలంటే లక్సర్ వెళ్లాల్సిందే. పిరమిడ్లు కట్టడం మానేశాక, 18వ వంశం నుంచి 20వ వంశం వరకు, అంటే సుమారు క్రీ.పూ. 1500 నుంచి 1070 వరకు, రాజులు ఈ లోయ సున్నపురాతిలో సమాధులు తొలిపించుకున్నారు. లోయ మీద అల్ ఖుర్న్ అనే శిఖరం పిరమిడ్ ఆకారంలో నిలబడి ఉంటుంది.

ఒక అపోహ ముందే తీర్చుకోండి. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో మమ్మీని చూసినవాళ్లు లోయలో అలాంటివి వరసగా ఉంటాయని అనుకుంటారు. మామూలుగా వెళ్లేవాళ్లకు ఇక్కడ కనిపించేది టుటన్‌ఖామున్ ఒక్కడే. రెండో రామ్సెస్, మొదటి సేతి, మూడో తుత్మోస్ వంటి పెద్ద రాజుల దేహాలు కైరోలో ఫుస్తాత్ ప్రాంతపు జాతీయ నాగరికతా మ్యూజియంలో ఉన్నాయి. 2021 ఏప్రిల్‌లో 22 మమ్మీలను ఊరేగింపుగా అక్కడికి తరలించారు. టుటన్‌ఖామున్ బంగారమంతా గిజాలోని గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియంలో ఉంది. లోయలో మిగిలినవి గోడలు, పైకప్పులు, కదిలించలేనంత బరువున్న రాతి పెట్టెలు.

మూడు కాలాలు, మూడు నమూనాలు

18వ వంశం వాళ్లకు దాచడమే ముఖ్యం. కొండ చీలికల్లో, నేలకు ఎత్తున చిన్న గుమ్మం పెట్టేవారు. మెట్లు నిటారుగా దిగుతాయి, నడవ మధ్యలో మలుపు తిరుగుతుంది. దారికి అడ్డంగా లోతైన బావి ఒకటి ఉంటుంది. వాననీరు లోపలి గదికి పోకుండా తవ్వారని కొందరు, దొంగలు దాటకుండా అని కొందరు, మతపరమైన అర్థం ఉందని కొందరు అంటారు. గోడలు చెక్కలేదు. నునుపుగా పూత పూసి దాని మీద రంగుతో రాశారు. నడవలు బోసిగా ఉంటాయి, బొమ్మలన్నీ అడుగున ఉన్న గదుల్లోనే.

19వ వంశంలో మొదటి సేతితో పద్ధతి మారింది. గుమ్మం నుంచి అడుగు దాకా ప్రతి గోడా చెక్కారు. చుట్టూ రాతిని తీసేసి బొమ్మను పైకి నిలబెట్టే ఉబ్బెత్తు పని అది. శ్రమ ఎక్కువ, నీడ అందంగా పడుతుంది. నడవ నేరుగానే పోతుంది గానీ మధ్యలో ఒకచోట పక్కకు జరుగుతుంది. వాలు మాత్రం ఇంకా ఎక్కువే.

20వ వంశానికి వచ్చేసరికి దాచే ఆలోచన వదిలేశారు. లోయ నేల మీదే పెద్ద గుమ్మాలు, వెడల్పు నడవలు, ఒకే గీతలో సాగే దారి, మెల్లని వాలు. చెక్కడం కూడా గోడలోకి తొలిచే రకం, తొందరగా అయ్యేది. పైకప్పులు మాత్రం ఈ కాలంలోనే బ్రహ్మాండంగా ఉంటాయి.

కాబట్టి ఒక్కో కాలం నుంచి ఒకటి తీసుకుంటే మూడు సమాధులూ మూడు రకాలుగా కనిపిస్తాయి. కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే.

18వ వంశం: మూడో తుత్మోస్

లోయ చివర, కొండ చీలికలో ఉంటుంది, నంబరు 34. ముందు ఇనుప మెట్ల మీద పైకి ఎక్కాలి, ఆ తర్వాత లోపలికి అంతకంటే ఎక్కువ దిగాలి. ఇక్కడికి గుంపులు తక్కువగా వస్తాయి.

అడుగున ఉన్న గది మూలలు లేకుండా కోడిగుడ్డులా ఉంటుంది. రాజు పేరు చుట్టూ గీసే కార్టూష్ ఆకారమే అది. లేతరంగు గోడ మీద నలుపు, ఎరుపు సిరాలతో పుల్లల్లాంటి మనుషులు కనిపిస్తారు. ఒక తల, ఒక గీత నడుం, రెండు గీతల కాళ్లు, అంతే. సూర్యుడు రాత్రి 12 గంటల్లో పాతాళం గుండా చేసే ప్రయాణం ఇది. అందాలు దిద్దకుండా, పాత పాపిరస్ చుట్టను విప్పి గోడ పొడవునా అతికించినట్టు రాశారు. పై గదిలో 700 మందికి పైగా దేవతల జాబితా ఉంది, పేరు పక్కన చిన్న బొమ్మ, ఓటర్ల జాబితాలాగా. దిగువ గదిలో ఒక స్తంభం దగ్గర ఆగండి. చెట్టు కొమ్మల్లోంచి ఒక చెయ్యి, ఒక స్తనం బయటికొచ్చి రాజుకు పాలిస్తున్నట్టు నాలుగైదు గీతల్లో గీశారు. ఆ చెట్టే ఐసిస్ దేవత.

రంగుల జాతర కోసం వచ్చినవాళ్లకు ఇది నచ్చకపోవచ్చు, గీత విలువ తెలిసినవాళ్లు మాత్రం ఇక్కడి నుంచి కదలరు. గాలి ఆడదు, చెమట ఎక్కువ. ఉదయం మొదటి గంటలో కాకపోతే వదిలేయడమే మంచిది. హోరెమ్‌హెబ్ సమాధి తెరిచి ఉంటే దీనికి ప్రత్యామ్నాయం అవుతుంది. అందులో కొన్ని గోడలు అసంపూర్తిగా మిగిలాయి, పని ఎలా జరిగిందో దశలవారీగా కనిపిస్తుంది. కానీ అది చాలాసార్లు మూసే ఉంటుంది.

19వ వంశం: మెర్నెప్తా, మొదటి రామ్సెస్, తౌస్రెత్

వీటిలో మా ఓటు తౌస్రెత్, సెత్‌నఖ్త్ సమాధికి, నంబరు 14. తౌస్రెత్ ఫారోగా ఏలిన స్త్రీ. ఆమె తర్వాత వచ్చి 20వ వంశాన్ని మొదలుపెట్టిన సెత్‌నఖ్త్ ఈ సమాధిని తనది చేసుకున్నాడు. ఆమె బొమ్మల మీద పూత పూయించి తన పేరు, తన రూపం వేయించాడు. అందుకే ఒకే సమాధిలో రెండు పెద్ద స్తంభాల గదులు, ఒకటి ఆమెది, ఇంకొంచెం లోపల రెండోది అతనిది. పొడవు 150 మీటర్లకు పైనే, అయినా వాలు భయపెట్టదు. గుంపుల దారికి కాస్త ఎడంగా ఉండడంతో నిదానంగా చూడొచ్చు. మామూలు టికెట్టులో డబ్బుకు తగ్గ ప్రతిఫలం ఇదే.

మెర్నెప్తా (నంబరు 8) రెండో రామ్సెస్ కొడుకు. గది అడుగున పడి ఉన్న రాతి మూత చూడడానికే దిగాలి. ఒకదానిలో ఒకటి ఇమిడే నాలుగు రాతి పెట్టెలు చేయించుకున్నాడీయన, వాటిని లోపలికి దించడానికి నడవ ద్వారబంధాలే నరకాల్సి వచ్చింది. పై నడవలో చెక్కడం బాగుంటుంది. దిగువన వరద నీరు గోడలను చాలాచోట్ల తినేసింది. వాలు గట్టిగా ఉంటుంది, తిరిగి ఎక్కేటప్పుడు అది తెలుస్తుంది.

లోయలో వరద అంటే వింతగా ఉంటుంది గానీ, కారణం రాతిలోనే ఉంది. పైన మంచి సున్నపురాయి, కింద షేల్ అనే పొరల రాయి. ఎడారిలో ఏ పదేళ్లకో పడే కుండపోత వాన లోయలోకి వరదగా దూకుతుంది. నీరు తగిలితే షేల్ ఉబ్బుతుంది, దాంతో పై రాయి చిట్లుతుంది. లోతుగా దిగిన సమాధులకే ఈ దెబ్బ ఎక్కువ. రెండో రామ్సెస్ సమాధి మూతబడడానికి కారణమూ ఇదే.

మొదటి రామ్సెస్ (నంబరు 16) చిన్నది. రెండు నిటారు మెట్ల వరసలు, ఒక గది. నీలం కలిసిన బూడిద రంగు నేపథ్యం మీద దేవతలు నిన్న దిద్దినంత తాజాగా ఉంటారు. పది నిమిషాల్లో అయిపోతుంది. మొదటి సేతి సమాధికి ఉన్న ఖరీదైన విడి టికెట్టు కొనలేనివాళ్లు ఆ తరహా రంగులను ఇక్కడ చూడొచ్చు.

20వ వంశం: ఏ రామ్సెస్?

నాలుగో రామ్సెస్ (నంబరు 2) దారి మొదట్లోనే ఉంటుంది. గుమ్మం దగ్గర మెట్లు దిగితే లోపల దారి నేరుగా, దాదాపు చదునుగా ఉంటుంది. గాలి పర్వాలేదు. రాతి పెట్టె మనిషి ఎత్తు మించి ఉంటుంది. గోడల మీద వందల ఏళ్ల కిందట ఇక్కడ తలదాచుకున్న కోప్టుల, అంటే ఈజిప్టు క్రైస్తవుల రాతలు ఉన్నాయి. పెద్దవాళ్లతో వెళ్తే ఇది తప్పకుండా పెట్టుకోండి. చిక్కల్లా గుంపుతోనే, ఎనిమిదిన్నర దాటితే లోపల వరస కడతారు.

మూడో రామ్సెస్ (నంబరు 11) నడవకు రెండు వైపులా చిన్న గదులు ఉన్నాయి. వాటిలో రొట్టెల తయారీ, పడవలు, ఆయుధాలు, జాడీలు, వీణ వాయించే గుడ్డివాళ్లు కనిపిస్తారు. దేవతల బొమ్మలు చూసి విసిగిన పిల్లలకు ఇది నచ్చుతుంది. ఇంకో వింత ఉంది. తొలుస్తూ పోతుంటే పక్కనున్న వేరే సమాధికి కన్నం పడింది, అందుకని నడవను కుడివైపు జరిపి మళ్లీ నేరుగా సాగించారు. ఆ వంకర ఇప్పటికీ తెలుస్తుంది. లోపలి భాగం పాడై ఉంది.

తొమ్మిదో రామ్సెస్ (నంబరు 6) కూడా బాగుంటుంది, తేలిక కూడా. కానీ నాలుగో రామ్సెస్ చూశాక టికెట్టు మీది మూడు అవకాశాల్లో ఒకటి దీనికి ఖర్చు పెట్టడం దండగ. రెండింట్లో ఏది ఖాళీగా ఉంటే దానికి వెళ్లండి.

విడి టికెట్లు: టుటన్‌ఖామున్, ఆరో రామ్సెస్, సేతి

2025లో విదేశీయులకు లోయ టికెట్టు 750 ఈజిప్టు పౌండ్లు, టుటన్‌ఖామున్ 700, ఐదు-ఆరు రామ్సెస్‌ల సమాధి 220, మొదటి సేతి 2,000. అప్పటి మారకంలో పౌండ్లను 1.7తో గుణిస్తే రూపాయల్లో దగ్గరి లెక్క వచ్చేది. ధరలు తరచూ పెంచుతారు. ఒకదానికొకటి ఎంత తేడా అన్నది గుర్తుంటే చాలు.

టుటన్‌ఖామున్ సమాధి (నంబరు 62) గురించి నిర్మొహమాటంగా చెప్పాలి. 1922 నవంబరు 4న బ్రిటిష్ పురావస్తువేత్త హోవర్డ్ కార్టర్ మనుషులు మొదటి మెట్టు కనుక్కున్న చోటు ఇది. 16 మెట్లు, ఒక ఏటవాలు నడవ, నాలుగు గదులు. బొమ్మలున్నది ఒక్క గదిలోనే. చిన్న వయసు రాజు హఠాత్తుగా చనిపోతే రాజు స్థాయికి సరిపోని చిన్న సమాధిలో సర్దినట్టు తెలిసిపోతుంది. పడమటి గోడ మీద 12 కోతులు, ఉత్తరపు గోడ మీద వారసుడు ఆయ్ నోరు తెరిచే కర్మ (చనిపోయినవాడు పరలోకంలో తిని, మాట్లాడగలిగేలా చేసే తంతు) చేస్తున్న దృశ్యం, గోడలంతా గోధుమరంగు చుక్కలు. ఆ చుక్కలు పాతకాలపు సూక్ష్మజీవుల మచ్చలు, ఇప్పుడు పెరగడం లేదు. గాజు పెట్టెలో దేహం, నల్లబడ్డ ముఖం, పాదాలు మాత్రమే కనిపిస్తాయి. పావుగంట పని. ఆ మనిషిని ఆయన సమాధిలోనే చూడాలన్న కోరిక ఉంటే 700 పౌండ్లు పెట్టండి, ఆ అనుభవం ఇంకెక్కడా దొరకదు. బొమ్మల కోసమైతే వద్దు. లోయకు వచ్చే దారిలో, కార్టర్ ఉన్న ఇంటి పక్కనే 2014లో తెరిచిన నకలు సమాధి ఉంది. గోడలకు అచ్చు దిగినట్టుంటుంది, తోపులాట లేకుండా దగ్గర నుంచి చూడొచ్చు.

ఐదు-ఆరు రామ్సెస్‌ల సమాధి (నంబరు 9) గురించి రెండో ఆలోచన అక్కర్లేదు, కొనండి. దారి నేరుగా, వాలు మెల్లగా, సుమారు 117 మీటర్లు. గుమ్మం నుంచే పైకప్పు చూస్తూ నడవాలి. చివరి గదిలో తల ఎత్తితే ఆకాశ దేవత నూత్ రెండుసార్లు, వీపుకు వీపు ఆనించి, కప్పు పొడవునా సాగి ఉంటుంది. ముదురు నీలం మీద పసుపు. సాయంత్రం సూర్యుణ్ని నోట్లోకి తీసుకుంటుంది, రాత్రంతా ఆ ఎర్రటి బింబం ఒళ్లు లోపలే ప్రయాణిస్తుంది, తెల్లవారుతూ మళ్లీ పుడుతుంది. నోటి దగ్గర బింబాన్ని పట్టుకుని చూపుతోనే గదంతా దాటండి, పగలూ రాత్రీ రెండూ పూర్తవుతాయి. గ్రీకు యాత్రికులు దీన్ని తమ పురాణ వీరుడు మెమ్నన్ సమాధి అనుకుని గోడల మీద వందల్లో పేర్లు గీసి పోయారు. టుటన్‌ఖామున్ గుమ్మం ఇన్ని శతాబ్దాలు దొంగల కంట పడకపోవడానికి ఒక కారణం, ఈ సమాధి తొలిచిన కూలీల గుడిసెలు, రాతి తుక్కు దాని మీద పడి ఉండడమే. చవక టికెట్టు ఖరీదైన దాన్ని కాపాడిందన్నమాట.

మొదటి సేతి (నంబరు 17) దగ్గరే అసలు బేరం. 1817లో ఇటలీ అన్వేషకుడు బెల్జోనీ కనుగొన్న ఈ సమాధి 137 మీటర్ల పొడవు, బాగా లోతు. ఉబ్బెత్తు చెక్కడంలో దీని సాటి ఈ లోయలో లేదు. నారబట్ట మడతలు, విగ్గు జడపాయలు, నెక్లేసు పూసలు రాతిలో లెక్కపెట్టేలా ఉంటాయి. చివరి గది వంపు కప్పు మీద నక్షత్ర మండలాలు. దెబ్బలు కూడా కనిపిస్తాయి. తడి అచ్చులు తీయడంతో కొన్నిచోట్ల రంగు ఊడింది, 1829 ప్రాంతంలో నరికి తీసుకెళ్లిన గోడముక్కలు పారిస్, ఫ్లారెన్స్ మ్యూజియాల్లో ఉన్నాయి, అలబాస్టర్ శవపేటిక లండన్‌లో ఉంది.

చాలామంది దాటిపోయే పక్కగది ఒకటి ఇందులో ఉంది. దాని గోడలు చెక్కకుండా గీత దశలోనే ఆగాయి. మొదట ఎరుపుతో గీసి, గురువు నలుపుతో దిద్దిన చోట్లు పోల్చుకోవచ్చు. ఒక భుజం గీతను వేలి వెడల్పంత పైకి జరిపాడు, ఒక మోకాలి వంపు సరిచేశాడు. మిగతా గదుల్లో చెక్కి రంగేసినదంతా ఇలాంటి గీత మీదే మొదలైందని తెలిశాక, వెనక్కి వచ్చేటప్పుడు గోడలు వేరేగా కనిపిస్తాయి. అరగంటైనా ఉండేవాళ్లకే 2,000 పౌండ్లు పెట్టడం న్యాయం. ఫొటో తీసుకుని పది నిమిషాల్లో వచ్చేద్దామనుకుంటే ఆ డబ్బుతో ఆరో రామ్సెస్, టుటన్‌ఖామున్ రెండూ చూసినా మిగులుతుంది.

సేతి ఒక్కటే ఖరీదైనది కాదు. పక్కనున్న రాణుల లోయలో నెఫెర్తారి సమాధి కూడా ఈ ధర స్థాయిలోనే ఉంటుంది. అక్కడ రాయి నాసిరకం కావడంతో మందంగా పూత పూసి ఆ పూతనే చెక్కారు. రాతిలోని ఉప్పు తేమకు గడ్డకట్టి పూతను బయటికి తోసింది. 1986 నుంచి 1992 దాకా గెట్టి సంస్థ, ఈజిప్టు పురావస్తు శాఖ కలిసి బాగుచేశాయి. మనిషి ఊపిరిలోని తేమే మళ్లీ ప్రమాదం, అందుకే పది నిమిషాలే ఉండనిస్తారు, కొన్నిసార్లు పూర్తిగా మూసేస్తారు. రంగుల మెరుపులో నెఫెర్తారిదే పైచేయి. చెక్కడం, పొడవు, గడిపే సమయం చూస్తే సేతిది. ఒక్కదానికే డబ్బుంటే సేతి.

పడమటి లోయలో మూడో అమెన్‌హోతెప్ సమాధిని 2025 అక్టోబరులో మళ్లీ తెరిచారు. అక్కడికి వేరే దారి, వేరే బండి కావాలి. రెండోసారి వచ్చినవాళ్లకు బాగుంటుంది.

టికెట్టు దగ్గర తప్పులు

విడి టికెట్లను సందర్శకుల కేంద్రం దగ్గర కౌంటర్లో ఇస్తారు, సమాధుల దగ్గర కాదు. సేతి గుమ్మం దాకా వెళ్లి మనసు మార్చుకుంటే మళ్లీ వెనక్కి రావాలి. కాబట్టి ముందే తేల్చుకోండి. కేంద్రంలో లోయ నమూనా ఉంది. పారదర్శకంగా ఉండి, సమాధులు నేల కింద ఎంత లోతు దిగాయో చూపిస్తుంది. ఏది ఎంత దిగాలో అక్కడే తెలిసిపోతుంది, రెండు నిమిషాలు ఆగి చూడండి. ఆ రోజు ఏవి తెరిచారో అక్కడే అడగండి. విశ్రాంతి ఇవ్వడానికి సమాధులను వంతులవారీగా మూస్తుంటారు, ఇంట్లో రాసుకున్న మూడింట్లో ఒకటి మూసి ఉండడం మామూలే. ప్రతి కాలానికి రెండో పేరు ఒకటి సిద్ధంగా పెట్టుకోండి.

కౌంటర్లో నగదు తీసుకోరు, కార్డే. మన బ్యాంకు కార్డుల్లో విదేశీ వాడకం ఆపి ఉంటుంది. బయల్దేరేముందు యాప్‌లో తెరిచి, పరిమితి పెంచుకోండి. ఒకటి పనిచేయకపోతే వాడడానికి ఇంకో బ్యాంకు వీసా లేదా మాస్టర్‌కార్డ్ వెంట ఉండాలి. చెల్లుబాటయ్యే విద్యార్థి కార్డుకు సగం ధర.

ప్రతి సమాధి గుమ్మం దగ్గర టికెట్టును ఒకసారి లెక్కేస్తారు. పొరపాటున తప్పు వరసలో నిలబడి లోపలికెళ్తే ఒకటి పోయినట్టే. బోర్డు మీది నంబరు చూసి వెళ్లండి, రామ్సెస్ పేరు చూసి కాదు, పదిమంది దాకా రామ్సెస్‌లున్నారు అక్కడ.

ఎప్పుడు, ఏ వరసలో

లోయ ఉదయం ఆరింటికి తెరుస్తారు. లక్సర్ తూర్పు ఒడ్డు నుంచి కారులో అయితే నది మీది వంతెన ఊరికి దక్షిణంగా ఉండడంతో చుట్టు తిరగాలి, ముప్పావుగంట పట్టొచ్చు. గుడి దగ్గర రేవు నుంచి పడవలో దాటి అవతలి ఒడ్డున టాక్సీ మాట్లాడుకోవడం చవక. టాక్సీకి వెళ్లడం, ఆగడం, తిరిగి రావడం కలిపి ఒకే ధర ముందే ఒప్పుకోండి. సముద్రతీర పట్టణం హుర్ఘాదా నుంచి ఒక్కరోజు యాత్రకు వచ్చే బస్సులు పది, పదకొండు మధ్య దిగుతాయి. అప్పటికి మీరు బయట ఉండాలి.

చిన్న విద్యుత్ బండి లోయ మొదట్లో దించుతుంది. దిగాక దగ్గర్లోవి వదిలేసి నేరుగా చివరికి నడవండి. మూడో తుత్మోస్ ముందు, తర్వాత తౌస్రెత్, ఆ తర్వాత మధ్యలో ఉన్న సేతి లేదా ఆరో రామ్సెస్, చివర నాలుగో రామ్సెస్. గుంపులు లోపలికి వస్తుంటే మీరు బయటికి వస్తుంటారు. కష్టమైనవి చల్లపూట అయిపోతాయి, తేలికైనవి ఎండ వేళకు మిగులుతాయి. ఒక్కోదానికి పావుగంట నుంచి ఇరవై నిమిషాలు, సేతికి అరగంట పైన. మొత్తం మూడు గంటలు.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు హాయి. మే నుంచి సెప్టెంబరు వరకు 40 డిగ్రీలు దాటుతుంది, మన రామగుండం ఎండ తెలిసినవాళ్లకూ లోయలో తెల్లరాయి వేడి కొత్తగా ఉంటుంది. లోపల చల్లగా ఉంటుందనుకోవద్దు. వందలమంది ఊపిరితో లోతు సమాధులు ఆవిరి గదుల్లా ఉక్కపోస్తాయి. రక్తపోటు, ఆస్తమా, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు తుత్మోస్, మెర్నెప్తా, మొదటి రామ్సెస్, సేతి నాలుగింటికీ దూరంగా ఉండాలి. నీళ్ల సీసా మనిషికి లీటరు, పట్టు ఉన్న చెప్పులు, చిన్న టార్చి.

ఫోనుతో ఫొటోలు తీసుకోవచ్చు, ఫ్లాష్ మాత్రం వద్దు. గైడ్లు సమాధి లోపల ఉపన్యాసం ఇవ్వకూడదన్నది నియమం, చెప్పేదంతా బయటే చెబుతారు. కాబట్టి గైడును పెట్టుకుంటే లోపలికెళ్లే ముందు ఫలానా గోడ మీద ఏముందో అడిగి గుర్తుపెట్టుకోండి. కాపలావాళ్లు టార్చి పట్టుకుని పక్కన నడుస్తూ ఏదో చూపించి చెయ్యి చాపుతారు. అక్కడా దాన్ని బక్షీస్ అనే అంటారు, మన మాటే. వద్దనుకుంటే మొదట్లోనే నవ్వి తల ఊపండి. ఇవ్వాలనుకుంటే చిన్న నోటు చాలు. అడ్డుతాడు దాటించి గోడ ముట్టుకోనిస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు, ఆ రంగుకు మన చేతి చెమట విషం.

మీ సంగతి ఏమిటి?

మొదటిసారి, ఆరోగ్యం బాగుంది, ఖర్చు మితంగా ఉండాలి: తుత్మోస్, తౌస్రెత్, నాలుగో రామ్సెస్, విడిగా ఆరో రామ్సెస్. 2025 ధరల్లో మొత్తం 970 పౌండ్లు. లోయకు వచ్చే ఎక్కువమందికి మేం చెప్పేది ఇదే.

అమ్మానాన్నలతో వస్తే నాలుగో రామ్సెస్, తొమ్మిదో రామ్సెస్, మూడో రామ్సెస్, విడిగా ఆరో రామ్సెస్. ఒకే నమూనా అని పైన వద్దన్నవే ఇవి, కానీ మోకాళ్ల ముందు కాలాల లెక్క నిలవదు. ఎనిమిదిలోపు వెళ్లండి.

పిల్లలు టుటన్‌ఖామున్ అని పట్టుబడితే ఆయనతో మొదలుపెట్టి, మూడో రామ్సెస్ పక్కగదులు చూపించండి. మూడోది వాళ్ల ఓపిక.

బొమ్మలు గీసేవాళ్లు, చెక్కేవాళ్లు, చరిత్ర చదివేవాళ్లు సేతికి డబ్బు పెట్టి, మూడు అవకాశాల్లో ఒకటి తుత్మోస్‌కు తప్పక వాడండి. మధ్యాహ్నం డెయిర్ అల్ మదీనాకు వెళ్లండి. ఈ గోడలు గీసిన పనివాళ్ల ఊరు అది. సెన్నెజెమ్ అనే పనివాడి సొంత సమాధి ఒకే చిన్న గది, పసుపు గోడల మీద ఆయనా భార్యా కలిసి పంట కోస్తూ ఉంటారు. తల వంచి దిగే ఇరుకు మెట్లు, టికెట్టు చవక.